పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలే రిస్క్ ఎంత? మ్యాచ్ చూస్తూ మనమే అంచనా వేసుకోవడం ఎలా

అమెరికాలో ఆడే ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ చూసే ఏ గుంపులో కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాస్ విసిరే ఆటగాడు, పాకెట్ (సొంత లైన్‌మెన్ అడ్డుగా నిలబడి కాపాడే చోటు) వదిలి బయటికొచ్చి ఇరవై యార్డులు లాగించేస్తాడు, అందరూ అరుస్తుంటారు, మూలన కూర్చున్న ఒకాయన మాత్రం "ఇలా పరిగెడితే ఎన్నాళ్లుంటాడు, రెండేళ్లలో మోకాలు పోతుంది చూడండి" అంటాడు. చాలాకాలం ఆ మూలన కూర్చున్నది నేనే. ఒక సీజన్ మొత్తం పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చూశాక తెలిసింది, నేను లెక్కపెడుతున్నదే తప్పని. నేను పరుగులు లెక్కపెడుతున్నాను. లెక్కపెట్టాల్సింది దెబ్బల్ని, అందులోనూ ఒక్కో పరుగు చివర ఏం జరిగిందన్నదాన్ని.

ఫాంటసీ లీగ్‌లో ఎవరిని తీసుకోవాలో తేల్చుకోవడానికైనా, పక్కవాడితో వాదనకైనా, ఊరికే ఆట ఇంకాస్త బాగా అర్థం కావడానికైనా ఈ పద్ధతి పనికొస్తుంది. దీంతో ఎవరికి ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం, అది ఎవరి వల్లా కాదు. 2025లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ ఆటగాడు ఆంథొనీ రిచర్డ్‌సన్‌కి మ్యాచ్ మొదలవ్వకముందే, వార్మప్‌లో సాగే బ్యాండ్ వచ్చి తగిలి కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. దాన్ని ఏ లెక్కలో వేస్తాం?

ముందు పాత గాయాల చిట్టా తీయండి, కానీ ఎలా తగిలాయో చూడండి

ఒక ఆటగాడి గురించి ఆలోచిస్తున్నారంటే మొదట చేయాల్సిన పని, అతను ఇంతవరకు ఏయే మ్యాచ్‌లు మిస్సయ్యాడో వెతికి, ఒక్కో గాయం ఎదురుగా అది ఏ రకం ఆటలో తగిలిందో రాయడం (బంతి అందుకున్నప్పటి నుంచి ఆగేదాకా జరిగేది ఒక ఆట). "మోకాలు, 2022" అని రాసుకుంటే ఏమీ తెలియదు. "శాక్" (బంతి విసిరేలోపే పట్టుకుని పడగొట్టడం), "విసిరాక తగిలిన దెబ్బ", "తనంతట తాను దారి వెతుక్కుని పరిగెత్తినప్పుడు", "కోచ్ పిలిచిన పరుగు", "ఎవరూ తాకకుండానే" అని రాసుకోండి. పావుగంట పని. ఇది చేస్తే సగం అభిప్రాయాలు అక్కడే మారిపోతాయి.

లమార్ జాక్సన్‌నే తీసుకోండి. బాల్టిమోర్ రేవెన్స్ తరఫున 2019లో 176 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి 1,206 యార్డులు చేశాడు, క్వార్టర్‌బ్యాక్‌లలో అది రికార్డు. ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ "వీడికి త్వరలోనే ఏదో అవుతుంది" అనని వ్యాఖ్యాత లేడు. చివరికి అయింది, కానీ ఎలా? 2021 డిసెంబర్‌లో క్లీవ్‌లాండ్ మీద పాస్ విసిరిన తర్వాత డిఫెండర్ కాళ్ల మీదికి వచ్చి పడితే చీలమండ దెబ్బతింది. 2022 డిసెంబర్‌లో డెన్వర్ మీద శాక్ అయినప్పుడు మోకాలు పోయింది. రెండు సీజన్లలోనూ చివరి మ్యాచ్‌లన్నీ బయటే. రెండూ పరుగులు కావు.

క్యామ్ న్యూటన్‌ది ఇంకా విచిత్రం. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, గోల్ లైన్ దగ్గర బుల్డోజర్‌లా వాడుకున్నారు, కెరీర్‌లో 75 రన్నింగ్ టచ్‌డౌన్‌లు (బంతితో పరిగెత్తి గోల్ లైన్ దాటి చేసిన స్కోర్లు). "అన్ని దెబ్బలు తిన్నాడు కాబట్టే అరిగిపోయాడు" అని ఇప్పటికీ అంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, పోగైన దెబ్బల్ని ఎవరూ విడదీసి చూపించలేరు. కానీ చిట్టా చూస్తే, భుజం మొదట పోయింది 2016లో ఇంటర్‌సెప్షన్ (పాస్ ఎదుటి జట్టువాడి చేతికి చిక్కడం) అయ్యాక బంతి పట్టుకున్నవాణ్ణి తనే ఆపబోయి. 2018లో పిట్స్‌బర్గ్‌లో విసిరేటప్పుడు తగిలిన దెబ్బతో అదే భుజం మళ్లీ పాడైంది. 2019లో పాదం పోయింది ప్రీసీజన్ మ్యాచ్‌లో శాక్ అయినప్పుడు.

ఇంకా వెనక్కి వెళ్తే ఫిలడెల్ఫియా ఆటగాడు ర్యాండల్ కన్నింగ్‌హామ్ 1990లో 942 యార్డులు పరిగెత్తాడు, ఏమీ కాలేదు. 1991 మొదటి మ్యాచ్‌లో పాకెట్‌లో నిలబడి ఉండగా మోకాలి మీద పడ్డారు, సీజన్ అక్కడితో సరి. స్టీవ్ యంగ్ అంతకాలం పరిగెత్తాడు, అతని కెరీర్ ముగిసింది 1999 సెప్టెంబర్‌లో అరిజోనా మీద, ఎవరూ అడ్డుకోని ఒక కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునేవాళ్లని కాసే డిఫెండర్) బ్లిట్జ్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికే దూసుకొచ్చి కొట్టినప్పుడు.

సరే, అంతమాత్రాన పరుగు వల్ల ఏమీ కాదని తీర్పు ఇచ్చేయకండి. రెండో వైపు చిట్టా కూడా చిన్నదేం కాదు. డాక్ ప్రెస్కాట్ చీలమండ 2020లో జెయింట్స్ మీద కోచ్ పిలిచిన పరుగు చివర విరిగింది, అది చూసిన ఎవరికీ ఆ దృశ్యం మర్చిపోవడం కుదరదు. ట్రే లాన్స్‌ది 2022 రెండో వారంలో, మధ్యలోకి దూసుకెళ్లమని పిలిచిన పరుగులో. రిచర్డ్‌సన్ తొలి సీజన్ 2023లో నాలుగే మ్యాచ్‌లతో ముగిసింది. ఒకసారి టచ్‌డౌన్ పరుగు చివర తలకు దెబ్బ, తర్వాత ఇంకో పరుగులో భుజం. వీళ్లకి తగిలిన తీరును లమార్ చిట్టా పక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో కనబడడం మొదలవుతుంది.

బాక్స్ స్కోర్‌లో "రన్స్" అంకెను అలాగే నమ్మకండి

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. బాక్స్ స్కోర్‌లో, అంటే మ్యాచ్ అంకెల పట్టికలో, ఒకతనికి 11 పరుగులు (బంతితో పరిగెత్తిన సార్లు) అని కనబడితే "అమ్మో పదకొండు దెబ్బలు" అనుకునేవాణ్ణి. తర్వాత రీప్లే చూస్తే అందులో మూడు, చివర్లో గడియారం కరగడానికి మోకాలు ఆన్చినవి. అవి కూడా పరుగులుగానే లెక్కలోకి వస్తాయి, మైనస్ ఒక యార్డుతో. గెలిచే జట్టు క్వార్టర్‌బ్యాక్‌కి సీజన్ మొత్తంలో ఇవి బాగానే పోగవుతాయి. వాటిని తీసేయండి. మైదానం పక్క గీత దాటి బయటికి వెళ్లిపోయినవి, ఎవరూ ముట్టకుండా ఎండ్ జోన్‌లోకి (గోల్ లైన్ అవతలి చోటు) నడిచినవి, శుభ్రంగా స్లైడ్ చేసినవి (తనే నేల మీదికి జారి ఆట ఆపేసినవి) కూడా పక్కన పెట్టండి. అప్పుడు పదకొండులో మిగిలేవి నాలుగో ఐదో. అవీ అసలు పరుగు దెబ్బలు.

ఇప్పుడు రెండో వైపు శాక్‌లు కలపండి, వీలైతే విసిరిన తర్వాత నేలకూలిన సందర్భాలు కూడా. ఈ రెండో వరస చాలామంది చూడరు. 2019 లమార్‌కి 176 పరుగులుంటే శాక్‌లు 23 మాత్రమే. పాకెట్‌లో నిలబడి విసిరే జో బరో 2021లో 51 సార్లు శాక్ అయ్యాడు. బరో చిట్టా తీస్తే 2020లో మోకాలు, 2023లో మణికట్టు, 2025లో కాలి బొటనవేలు. ఏదీ పరిగెత్తి తెచ్చుకున్నది కాదు. అయినా అతన్ని "రిస్క్ ఉన్న శైలి" అని ఎవరూ అనరు, దురదృష్టం అంటారు. ఆరన్ రాడ్జర్స్ 2023లో జెట్స్ తరఫున నాలుగో స్నాప్‌కే (స్నాప్ అంటే బంతి అందించి ఆట మొదలుపెట్టడం) శాక్ అయ్యి మడమ వెనక అకిలీస్ తెంచుకున్నాడు, అదీ దురదృష్టమే అన్నారు. పరిగెత్తేవాడికైతే శైలి, నిలబడేవాడికైతే గ్రహచారం. ఈ పక్షపాతం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

శాక్ ఎందుకు అంత ప్రమాదకరమో ఒకసారి ఊహించుకుంటే చాలు. మనిషి కళ్లు ముప్పై యార్డుల అవతల, పాస్ అందుకోవాల్సిన రిసీవర్ మీద ఉంటాయి. ముందు కాలు నేలలో దిగబడి ఉంటుంది, బరువంతా దాని మీదే. చెయ్యి పైకెత్తి ఉంటుంది కాబట్టి పక్కటెముకలకి కాపలా లేదు. ఆ క్షణంలో వెనక నుంచి నూట ఇరవై కిలోల మనిషి వచ్చి పడతాడు, లేదా సొంత లైన్‌మనే వెనక్కి తోసుకుంటూ వచ్చి కాలి మీద కూలతాడు. రాబోయే దెబ్బ గురించి శరీరానికి కబురే అందదు. పరుగులో ఉన్నవాడికి అలా కాదు, ఎదురుగా వస్తున్నవాడు కనబడతాడు, కండరాలు బిగించుకుంటాడు, కాలు ఎత్తేస్తాడు, భుజం తిప్పుతాడు. గాయాల్ని ఆటకొక్కటిగా లెక్కేసినవాళ్లు కూడా చాలావరకు ఇదే తేల్చారు, ఒక్కో ఆటకి చూస్తే కోచ్ పిలిచిన పరుగు కంటే శాక్‌లోనే గాయం అయ్యే అవకాశం ఎక్కువని.

అయితే పరుగువైపు ఒక నష్టం ఉంది, అది రూల్‌బుక్‌లో ఉంది. పాకెట్‌లో ఉన్న పాసర్‌ని మోకాళ్ల కింద కొట్టకూడదు, తలకు తగలకూడదు, పూర్తి బరువుతో మీద పడి నేలకు అదమకూడదు. టామ్ బ్రేడీ మోకాలు 2008 మొదటి మ్యాచ్‌లో పోయాక ఆ కింది దెబ్బల రూల్ ఇంకా బిగించారు. బంతి పట్టుకుని రన్నర్ అయిపోయిన క్షణం ఈ గొడుగు చాలావరకు మూసుకుపోతుంది. జేలెన్ హర్ట్స్ 2022 డిసెంబర్‌లో చికాగోలో పరిగెత్తినప్పుడు డిఫెండర్ పూర్తి బరువుతో అతని విసిరే భుజం మీద పడ్డాడు, రెండు మ్యాచ్‌లు పోయాయి, ఫిలడెల్ఫియా ఆ రెండూ ఓడింది. పాసర్ మీద అయితే దానికి ఫ్లాగ్ (పెనాల్టీ) పడేదేమో, రన్నర్ మీద మామూలు టాకిల్. రీడ్ ఆప్షన్‌లో (డిఫెండర్ కదలిక చూసి, బంతి వేరేవాడికి ఇవ్వాలా తనే పరిగెత్తాలా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ఆట) ఇంకో మెలిక, బంతితో పరిగెత్తడమే పనైన రన్నింగ్ బ్యాక్‌కి బంతి ఇచ్చేసినా, పరిగెత్తబోతున్నట్టు నటిస్తున్నంతసేపు క్వార్టర్‌బ్యాక్‌ని రన్నర్ కింద లెక్కకట్టి కొట్టొచ్చు. ఆ దెబ్బ ఏ బాక్స్ స్కోర్‌లోనూ కనబడదు. మ్యాచ్ చూడాల్సిందే.

పరుగులన్నీ ఒకటి కావు

కాగితం మీద నేను వేసుకునే గళ్లు నాలుగు.

స్నీక్ అంటే అర యార్డు కోసం మధ్యలో తోసుకుంటూ పోవడం. హర్ట్స్‌తో ఫిలడెల్ఫియా ఆడే "టష్ పుష్" (వెనక నుంచి సహచరులు కూడా తోస్తారు) దీనికి పెద్దన్న. 2025 మేలో దాన్ని నిషేధించాలని ఓటింగ్ పెడితే 22 జట్లు ఔనన్నాయి, 24 కావాలి, కాబట్టి బతికిపోయింది. వేగం తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే అనుకుంటాం, కానీ కింద కాళ్లు ఎటు మడత పడతాయో ఎవరికీ తెలియదు. 2019లో డెన్వర్‌లో ప్యాట్రిక్ మహోమ్స్ మోకాలిచిప్ప పక్కకు జారింది మామూలు స్నీక్‌లోనే. ఆ తర్వాత కాన్సాస్ సిటీ అతనితో స్నీక్ చేయించడమే దాదాపు మానేసింది, ఆ పని టైట్ ఎండ్‌లకి (లైన్ చివర నిలబడే మరో రకం ఆటగాళ్లు) అప్పజెప్పింది. తెలివైన పని.

కోచ్ పిలిచిన పరుగుల్లో బయటి వైపువి, లోపలి వైపువి వేరువేరుగా రాసుకోండి. బయటి పరుగులో గీత ఒక స్నేహితుడు, ఎప్పుడైనా దాటేయొచ్చు. లోపలి పరుగులో నలుగురు నాలుగు దిక్కుల నుంచి వస్తారు, చీలమండ మీద ఎవరో పడతారు. ప్రెస్కాట్, లాన్స్ ఇద్దరివీ లోపలి వైపు పిలిచిన పరుగులే. ఒక క్వార్టర్‌బ్యాక్‌ని వారం వారం లోపలికి పంపుతున్న కోచ్ కనబడితే నేను ఎర్ర పెన్ను తీస్తాను.

ఇక నాలుగోది స్క్రాంబుల్, పాస్ కోసం చూసి, కుదరక, తనంతట తాను పరిగెత్తడం. నా దృష్టిలో పరుగుల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఎందుకంటే పిలిచిన పరుగులో ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో ముందే తెలుసు. స్క్రాంబుల్‌లో ఆ ఏర్పాటేదీ ఉండదు, మనిషి అప్పటికే ఇద్దరిని తప్పించుకుని ఊపిరి తీసుకుంటూ ఉంటాడు, పైగా సగం చూపు ఇంకా రిసీవర్ల మీదే. విసరాలా పరిగెత్తాలా అని ఊగిసలాడేవాడికి దెబ్బ గట్టిగా తగులుతుంది. 2015లో ఆండ్రూ లక్ కిడ్నీ చీలింది డెన్వర్ మీద అలాంటి స్క్రాంబుల్‌లోనే. కైలర్ ముర్రే 2022లో ఎవరూ తాకకుండానే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెంచుకున్నదీ స్క్రాంబుల్‌లోనే, మ్యాచ్ మూడో స్నాప్‌కి.

చివరి రెండు యార్డులు చూడండి

మొత్తం పద్ధతిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. రీప్లే వచ్చినప్పుడు పరుగు మొదలు కాదు, చివర చూడండి.

ఒక మామూలు సన్నివేశం. థర్డ్ అండ్ సిక్స్, అంటే మూడో ప్రయత్నం, ఇంకా ఆరు యార్డులు కావాలి. ఎడ్జ్ (లైన్ అంచు) నుంచి ఒత్తిడి వచ్చింది, క్వార్టర్‌బ్యాక్ కుడివైపు జారుకున్నాడు, ఎదురుగా ఖాళీ ఉంది, పరుగు అందుకున్నాడు. నాలుగు యార్డులు అయ్యాయి. ఎదురుగా సేఫ్టీ (అందరికంటే వెనక కాసే డిఫెండర్) కిందికి దిగుతున్నాడు, లోపలి నుంచి ఒక లైన్‌బ్యాకర్ (రెండో వరస డిఫెండర్) కోణం కోసుకుంటూ వస్తున్నాడు. ఇక్కడ రీప్లే ఆపి చూడండి. మొదట బంతి ఏ చేతిలో ఉంది? గీత వైపు చేతికి మార్చుకున్నాడంటే తను ఎక్కడున్నాడో తెలుసన్నమాట. తల ఎటు తిరిగి ఉంది? సేఫ్టీ ఒక్కడినే చూస్తున్నాడా, లోపలి నుంచి వచ్చే రెండోవాణ్ణి కూడా పసిగట్టాడా? అడుగులు చిన్నవయ్యాయా, అంటే స్లైడ్‌కి సిద్ధమవుతున్నాడా, లేక అడుగు ఇంకా పెద్దదవుతోందా? ఆ తర్వాత భుజం. ముందుకు వంచి గుద్దడానికి వెళ్లాడా, పక్కకి తిప్పి సగం దెబ్బే తీసుకున్నాడా? ఈ నాలుగూ ఒక మ్యాచ్‌లో పదిసార్లు చూస్తే అతను ఎలాంటివాడో తెలిసిపోతుంది, గణాంకాలు అక్కర్లేదు.

స్లైడ్ గురించి ఒక అపోహ ఉంది, కింద పడితే చాలు క్షేమం అని. కాదు, ఎప్పుడు పడ్డాడన్నదే అసలు సంగతి. కాళ్లు ముందుకు పెట్టి జారితే ఆట అక్కడితో ఆగినట్టే అన్న రూల్ 1985 నుంచి ఉంది, 2018 నుంచి తల ముందుకు పెట్టి దూకినా అదే లెక్క, శరీరం నేలను మొదట తాకిన చోటే బంతి పెడతారు. ఇందువల్ల ఒక ఆశ పుడుతుంది, ఇంకో అర యార్డు లాగి అప్పుడు జారుదామని. డిఫెండర్ అప్పటికే గాల్లోకి లేచి ఉంటాడు, నడుం ఎత్తున కొడదామని వచ్చినవాడికి స్లైడ్ చేసినవాడి తల సరిగ్గా ఆ ఎత్తులో దొరుకుతుంది. 2024 డిసెంబర్ 1న ట్రెవర్ లారెన్స్‌కి అలాగే అయింది. స్లైడ్ చేస్తుండగా హ్యూస్టన్ లైన్‌బ్యాకర్ అజీజ్ అల్‌షాయిర్ తల మీద కొట్టాడు, లీగ్ మూడు మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. తప్పు కొట్టినవాడిదే, అందులో వాదన లేదు. కానీ సస్పెన్షన్‌తో కంకషన్ (తలకు తగిలిన దెబ్బతో మెదడు అదరడం) తగ్గదు.

స్లైడ్ బాగా చేసేవాళ్లెవరో చూడాలంటే పాత రస్సెల్ విల్సన్ మ్యాచ్‌లు చూడండి. బేస్‌బాల్ ఆడినవాడు, 2010లో కొలరాడో రాకీస్ జట్టు డ్రాఫ్ట్ కూడా చేసింది. 2014లో 849 యార్డులు పరిగెత్తాడు, అయినా వరసగా 149 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు ఒక్కటి కూడా వదలకుండా మొదలుపెట్టాడు. 2021లో ఆ వరస తెగింది దేనివల్లంటే, పాస్ విసిరాక చెయ్యి డిఫెండర్ చేతికి తగిలి వేలు దెబ్బతినడం వల్ల! బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు అన్నట్టు రెండు యార్డులు వదిలేసి కింద కూర్చునేవాడు విల్సన్. అది పిరికితనం అనేవాళ్లుంటారు, వాళ్లతో వాదించకండి.

వాళ్లకి చూపించాల్సింది రాబర్ట్ గ్రిఫిన్. 2012లో వాషింగ్టన్‌కి తొలి సీజన్, 815 యార్డులు, దేశమంతా అతని పేరే. అక్టోబర్‌లో అట్లాంటా మీద ఎండ్ జోన్ దగ్గర స్లైడ్ చేయాలా వద్దా అన్నది తేల్చుకునేలోపే లైన్‌బ్యాకర్ వచ్చి కొట్టాడు, కంకషన్. డిసెంబర్‌లో బాల్టిమోర్ మీద ఇంకో స్క్రాంబుల్ చివర మోకాలు బెణికింది. జనవరి 6న సియాటిల్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఆ మోకాలితోనే దింపారు, కుంటుతూ ఆడాడు, చివరికి కింద పడిన స్నాప్ అందుకోబోయి మోకాలు మడత పడింది. ఆఖరి గాయం పరుగులో కాదు, కానీ దాని దారి పరుగు చివర్లలోనే పడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఈ ఒక్క కథలో మన కాగితం మీది గళ్లన్నీ ఉన్నాయి.

గోల్ లైన్ దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి, అక్కడ అందరికీ బుద్ధి మందగిస్తుంది. కార్సన్ వెంట్జ్ 2017 డిసెంబర్‌లో రామ్స్ మీద ఎండ్ జోన్‌లోకి తల ముందుకు పెట్టి దూకాడు, ఇద్దరి మధ్య నలిగి ఏసీఎల్ పోయింది, ఆ టచ్‌డౌన్ కూడా హోల్డింగ్ పెనాల్టీ వల్ల కొట్టేశారు. అయినా మనిషి తెగిన మోకాలితోనే మరి కొన్ని ఆటలు ఆడి టచ్‌డౌన్ పాస్ వేశాడు, అది వేరే సంగతి. రిచర్డ్‌సన్ కంకషన్‌కి కారణం దీనికి తిరగబడ్డది. ఎండ్ జోన్‌కి చేరిపోయాననుకుని చివర్లో వేగం తగ్గించాడు, కొట్టేవాడు తగ్గించలేదు.

అన్నట్టు, పరిగెత్తే అలవాటు లేనివాళ్లు పరిగెత్తినప్పుడు నాకు ఇంకా భయం. 2024 సెప్టెంబర్‌లో మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా ఫోర్త్ డౌన్ (ఆఖరి ప్రయత్నం) మీద పరిగెత్తి, స్లైడ్ చేయకుండా తల వంచి నేరుగా డమార్ హామ్లిన్‌ని గుద్దాడు, కంకషన్, నాలుగు మ్యాచ్‌లు బయట. అప్పటికి మయామీ 31-10తో వెనకబడి ఉంది. రోజూ ఈత కొట్టేవాడికి నీళ్ల లోతు తెలుస్తుంది, ఏడాదికోసారి దిగేవాడికే ప్రమాదం.

మరి జాష్ ఆలెన్ సంగతేంటని అడుగుతారు, తెలుసు. బఫెలోలో ఆ మనిషి గుద్దుతాడు, దూకుతాడు, మనుషుల మీదుగా ఎగురుతాడు, ఈ పద్ధతి ప్రకారం ఎప్పుడో మూలన పడాలి. 2018లో తొలి సీజన్‌లో మోచెయ్యి దెబ్బకి నాలుగు మ్యాచ్‌లు పోయాయి, అదీ పాకెట్‌లో తగిలిన దెబ్బ. ఆ తర్వాత గాయం వల్ల రెగ్యులర్ సీజన్ మ్యాచ్ వదిలింది నాకు గుర్తు లేదు. 2024 మొదటి మ్యాచ్‌లో టచ్‌డౌన్ కోసం గాల్లోకి ఎగిరి ఎడమ చెయ్యి ఎముక విరగ్గొట్టుకుని, పట్టీ కట్టుకుని ఆడేశాడు, ఆ ఏడాది ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) కూడా అతనే. 107 కిలోల దేహం ఒక కారణం, శాక్‌లు తక్కువ తినడం ఇంకో కారణం, మిగతాది అదృష్టం అని నా అభిప్రాయం. ఆలెన్‌ని చూపించి సన్నగా ఉన్న కుర్రాణ్ణి గుద్దమని చెప్పే కోచ్ ఉంటే మాత్రం తిట్టాల్సిందే.

చిన్న గాయానికి ఎక్కువ మార్కులు వేయండి

పరిగెత్తేవాడి అసలు బలహీనత ఇక్కడుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పాకెట్‌లో నిలబడేవాడికి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) కొంచెం పట్టేసినా ఆదివారం ఆడేస్తాడు, ఆటలో పెద్దగా తేడా రాదు. పరిగెత్తేవాడికి అదే హ్యామ్‌స్ట్రింగ్ సగం ఆస్తి. 2025లో లమార్‌కి అది పట్టేసి మూడు మ్యాచ్‌లు పోయాయి. ఆడినా కూడా, అతను పరిగెత్తడని డిఫెన్స్‌కి తెలిసిపోతే ఎడ్జ్‌లో ఉన్నవాడు ఆగి చూడాల్సిన అవసరం లేదు, నేరుగా మీదికొస్తాడు, శాక్‌లు పెరుగుతాయి. అంటే కాలి నొప్పి కాస్తా భుజం ప్రమాదంగా మారుతుంది. అందుకే చిట్టాలో చీలమండ, హ్యామ్‌స్ట్రింగ్, మోకాలు బెణుకు లాంటివి కనబడితే నిలబడేవాడికి ఒక మార్కు, పరిగెత్తేవాడికి మూడు వేస్తాను. ఈ మార్కులకి శాస్త్రం లేదు, నా లెక్క అంతే.

స్కోరు చూడటం కూడా మర్చిపోకండి. 2025 నవంబర్ 2న సియాటిల్ మీద వాషింగ్టన్ 38-7తో ఓడిపోతుంటే నాలుగో క్వార్టర్‌లో జేడెన్ డేనియల్స్‌ని ఇంకా ఆటలోనే ఉంచారు. కింద పడుతూ చెయ్యి నేలకి ఆన్చబోయాడు, ఎడమ మోచెయ్యి పక్కకు జారింది. అప్పటికే ఆ సీజన్‌లో మోకాలు, హ్యామ్‌స్ట్రింగ్ రెండూ ఇబ్బంది పెట్టాయి. కోచ్ డాన్ క్విన్ తప్పు తనదే అని ఒప్పుకున్నాడు. తొలి ఏడాది 2024లో ఇదే డేనియల్స్ 148 పరుగులు చేసి, 47 సార్లు శాక్ అయ్యి కూడా సీజన్ లాక్కొచ్చాడు. ఓడిపోయిన మ్యాచ్‌లో తన క్వార్టర్‌బ్యాక్‌ని ఎప్పుడు బయటికి పిలుస్తాడన్నది కోచ్ గురించి మనం తెలుసుకోగలిగిన ముఖ్యమైన విషయాల్లో ఒకటి, ఆ గడి కూడా వేసుకోండి.

బుధవారం నుంచి ఆదివారం దాకా

గాయం అయ్యాక ఏం చేయాలి? ఆదివారం మ్యాచ్ అయితే బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీస్ రిపోర్టులు వస్తాయి. అసలు చేయలేదు, కొంత చేశాడు, పూర్తిగా చేశాడు అని మూడు రకాలు. బుధవారం చేయకపోతే కంగారు పడకండి, విశ్రాంతి ఇచ్చి ఉంటారు. ముఖ్యమైనది దిశ. కొంత నుంచి పూర్తికి వెళ్తే మంచిది, గురువారం కొంత చేసి శుక్రవారం అసలు చేయలేదంటే ఏదో తేడా కొట్టింది. "క్వశ్చనబుల్" అంటే ఆడొచ్చు ఆడకపోవచ్చు, "డౌట్‌ఫుల్" అంటే ఆశ వదులుకోవడమే మేలు. "ప్రాబబుల్" అన్న మాట 2016లోనే తీసేశారు, ఇప్పటికీ ఎవరైనా అదంటే పాత ముచ్చట. ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ల జాబితా) పెడితే కనీసం నాలుగు మ్యాచ్‌లు లేనట్టే. కంకషన్‌కి ఐదు మెట్ల పద్ధతి ఉంది, స్వతంత్ర డాక్టర్ కూడా సరేననాలి, దాన్ని తొందరపెట్టి ఎవరూ ఏం చేయలేరు, చేయకూడదు కూడా.

పేరు లిస్టులోంచి పోయి మైదానంలోకి దిగాడంటే పూర్తిగా కోలుకున్నాడని కాదు. మొదటి రెండు డ్రైవ్‌లు (బంతి ఒక జట్టు దగ్గర ఉన్నంతసేపు వరసగా సాగే ఆటలు) ఫోన్ పక్కన పెట్టి చూడండి. రీడ్ ఆప్షన్‌లో బంతి ఒక్కసారైనా తన దగ్గర ఉంచుకున్నాడా, ప్రతిసారీ రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చేస్తున్నాడా? ఎడ్జ్‌లో డిఫెండర్ లోపలికి దూరిపోయి బయట ఖాళీ వదిలేసినా ఇచ్చేస్తున్నాడంటే, కాలు బాగాలేదు, లేదా పరిగెత్తొద్దని చెప్పి పంపారు. ఆ డిఫెండర్‌కి కూడా అది రెండో డ్రైవ్‌కల్లా తెలిసిపోతుంది. అప్పుడు శాక్‌ల గడి మీద పెన్ను పెట్టుకుని కూర్చోండి.